సాధు సుందర్ సింగ్‌కు నడక నేర్పిన పాఠం

విశ్వాస జీవితాన్ని లేఖనాలు తరచుగా నడకతో పోలుస్తాయి. హనోకు దేవునితో నడిచాడు. అబ్రాహాము ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే బయలుదేరాడు. ఎమ్మాయు దారిలో దిగులుగా వెళ్తున్న ఇద్దరు శిష్యుల పక్కన ప్రభువే వచ్చి నడిచాడు. మన సంఘాలన్నిటికీ పరిచయమైన సాధు సుందర్ సింగ్ జీవితం కూడా అలాంటి నడకే. ఆయన చూసిన దర్శనాల గురించి మనం చాలాసార్లు విన్నాం. ఈ వారం ఆయన నడక గురించి, ఆ నడక ఆయనకు తన గురించే నేర్పిన దాని గురించి ధ్యానిద్దాం.

1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూర్‌లో ఒక సంపన్న సిక్కు కుటుంబంలో ఆయన పుట్టారు. కొడుకు సాధువు కావాలని భక్తురాలైన తల్లి ఆశపడింది. ఆయనకు పద్నాలుగేళ్లప్పుడు ఆమె చనిపోయింది. ఆ దుఃఖంలో ఆయన కోపం సువార్త మీదికి మళ్లింది. గ్రంథాన్ని చించి మంటల్లో వేశారు. అదే బాలుడికి 1904 డిసెంబరులో, చావే మేలనుకున్న ఒక రాత్రి గడిచాక, తెల్లవారకముందే ప్రభువు దర్శనమిచ్చాడు. ఇంటివారు వెలివేశారు. 1905లో, సరిగ్గా పదహారవ పుట్టినరోజున సిమ్లాలో బాప్తిస్మం పొందారు. నెల రోజులు దాటగానే కాషాయ వస్త్రం కట్టుకుని, చెప్పులు లేకుండా, చేతిలో డబ్బు లేకుండా సువార్తకు బయలుదేరారు.

కొండదారుల రాళ్లకు ఆయన కాళ్లు నెత్తురోడేవి. అందుకే జనం ఆయనను రక్తం కారే పాదాల అపొస్తలుడని పిలిచారు. సాధువని ఆదరించి, క్రైస్తవుడని తెలియగానే తలుపు మూసినవారు ఎందరో. కాంగ్రా లోయలో ఆయనతో నడిచిన అమెరికా మిషనరీ శామ్యూల్ స్టోక్స్, జ్వరంతో, కడుపునొప్పితో దారిలో పడిపోయిన సుందర్ ముఖంలో సంతోషం చూసి ఆశ్చర్యపోయారు.

అయితే ఆ సంతోషం వెనుక ఒక పోరాటం ఉంది. రోజంతా నడిచి, బోధించి, అలసి కూర్చున్నప్పుడు ఎవరైనా ప్రశ్నలతో వస్తే ఆయనకు లోలోపల విసుగు వచ్చేది. పైకి ఎవరికీ కనిపించేది కాదు. అది ఆకలి వల్ల, అలసట వల్ల వచ్చిందని ఆయన అనుకునేవారు. 1913లో నలభై రోజుల ఉపవాసానికి అడవిలోకి వెళ్లారు. అది పూర్తి కాలేదు. స్పృహ తప్పిన ఆయనను కట్టెలు కొట్టేవారు చూసి కాపాడారు. కానీ ఆ ఉపవాసంలో ఒక సత్యం తెలిసింది. విసుగుకు కారణం శరీరం కాదు, తన స్వభావమే. ఆ తర్వాత అది తగ్గింది గాని పూర్తిగా పోలేదని దాచకుండా ఒప్పుకున్నారు. ఇంత పేరున్న భక్తుడు ఇంత చిన్న లోపాన్ని వెతికి పట్టుకుని ఒప్పుకోవడం మనల్ని ఆలోచింపజేయాలి.

టిబెట్ దారిలో జరిగినదిగా ఆయన చెప్పిన ఒక సంగతి మనకు తెలుసు. మంచు తుఫానులో, లోయలోకి జారిపడిన ఒక మనిషి కనిపించాడు. ఆగితే మనమూ చస్తామని తోటి ప్రయాణికుడు ముందుకు వెళ్లిపోయాడు. సుందర్ ఆ మనిషిని వీపున మోశారు. ఇద్దరి ఒంటి వేడి ఇద్దరినీ బ్రతికించింది. ఊరు చేరేలోపు, ముందు వెళ్లినవాడు దారిలో గడ్డకట్టి చనిపోయి కనిపించాడు. త్వరగా నడవడం వేరు, ప్రభువు నడిచినట్టు నడవడం వేరు.

1920లో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలలో, 1922లో యూరప్‌లో వేలమంది ఆయనను వినడానికి వచ్చారు. అంత పేరు వచ్చినా ఆయన తిరిగి కొండదారికే వచ్చారు. ఆరోగ్యం దెబ్బతిన్నా 1929 ఏప్రిల్‌లో మళ్లీ టిబెట్‌కు బయలుదేరారు. అప్పటికి ముప్పైతొమ్మిదేళ్లు. తిరిగి రాలేదు. ఆయన సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు.

ప్రియులారా, మనందరినీ దేవుడు హిమాలయాలకు పిలవలేదు. కానీ మన విసుగుకు మనం ఎన్ని పేర్లు పెడుతున్నాం? ఎండ అంటాం, పని ఒత్తిడి అంటాం, నిద్ర చాలలేదంటాం. ఇంట్లోవారిని కసురుకుని, అలసిపోయానని సర్దుకుంటాం. ఈ వారం ఒక సాయంత్రం ఫోను ఇంట్లో పెట్టి, మంచాన పడివున్న ఒక విశ్వాసి ఇంటికి నడిచి వెళదాం. దారిలో ఎవరు గుర్తుకొస్తే మనసు చేదవుతుందో, ఎవరు ఎదురొస్తే తప్పించుకోవాలనిపిస్తుందో గమనిద్దాం. తిరిగి వచ్చాక దానిని సాకులు లేకుండా ప్రభువు ముందుంచి ప్రార్థిద్దాం.