మధుకరం నుంచి మహాగాయకుడి దాకా
నాన్న కోరికే నడిపించిన ఘంటసాల జీవితం

నందిగామ: శ్రీరామనవమి పందిరైనా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లయినా మైకులో ఆ గొంతు వినిపించనిదే మెట్ట ప్రాంతంలో సందడి మొదలైనట్లు ఉండదు. ఇంట్లో ఎవరైనా కన్నుమూసినా అదే గొంతు భగవద్గీతై ఓదారుస్తుంది. కల్యాణానికీ, కడపటి యాత్రకూ ఒకే గాయకుడిని తోడు తెచ్చుకోవడం తెలుగువారికి ఘంటసాల వెంకటేశ్వరరావు విషయంలోనే సాధ్యమైంది. ఆ గళం వెనుక ఒక తండ్రి కోరిక, ఎందరో తల్లులు పెట్టిన అన్నం ఉన్నాయి.

తండ్రి భుజాలపై తొలి పాఠం

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ తాలూకా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు గానం చేసేవారు. కుమారుడిని భుజాలపై ఎత్తుకొని భజనలకు తీసుకువెళ్లేవారు. తండ్రి పాడుతుంటే బాలుడు లయకు తగ్గట్లు అడుగులు వేసేవాడు. శాస్త్రం తెలియని పామరులను సైతం తరంగం ఎలా కట్టిపడేస్తుందో ఆ పసివాడు అక్కడే చూశాడు. 11 ఏళ్ల ప్రాయంలో తండ్రి దూరమయ్యారు. సంగీతం క్షుణ్ణంగా నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. ఆ మాటే కుమారుడి జీవితానికి దారి చూపింది.

ఉంగరం అమ్మి విజయనగరానికి

మేనమామ అండన పెరుగుతున్న ఆ బాలుడికి సంగీతం నేర్చుకొనే వీలు ఇంటివద్ద చిక్కలేదు. చేతి ఉంగరాన్ని 8 రూపాయలకు అమ్మి, ఇంట్లో చెప్పకుండానే విజయనగరం చేరుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను శిష్యుడిగా స్వీకరించి, పైసా ఆశించకుండా విద్య నేర్పారు. గురువు సైతం సంపన్నుడు కాదు. అందుకే శిష్యుడు భుజాన జోలె కట్టి ఇంటింటా మధుకరం ఎత్తారు. తల్లులు పెట్టిన ముద్దలతో కడుపు నింపుకొంటూ మహారాజా సంగీత కళాశాలలో చదువు పూర్తిచేశారు. ఘంటసాల గానంలో సామాన్యుడి కష్టం అంత సహజంగా పలకడానికి ఈ రోజులే కారణమనిపిస్తుంది.

సంగీత పట్టా చేతికందినా ఆయన సభలకే పరిమితం కాలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యారు. బళ్లారిలోని అల్లీపురం జైలులో సుమారు ఏడాదిన్నర శిక్ష అనుభవించారు. 1944లో సావిత్రితో వివాహం జరిగింది.

పానగల్ పార్కులో నిద్ర

సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో ఘంటసాల మద్రాసు చేరారు. సముద్రాల ఇల్లు చిన్నది కావడంతో భారం కాకూడదని రాత్రిళ్లు పానగల్ పార్కులో పడుకునేవారు. రేడియోలో, బృందగానాల్లో పాడుతూ అవకాశాల కోసం తిరిగారు. 1945లో విడుదలైన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడిన పాటకు 116 రూపాయల పారితోషికం లభించింది. 1949లో మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ చిత్రాలు సంగీత దర్శకుడిగా, గాయకుడిగా ఆయన కీర్తిని ఊరూరా చేర్చాయి. అయితే సొంతంగా నిర్మించిన పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ మాత్రం ఆర్థికంగా కలిసిరాలేదు.

పద్యానికి కొత్త నడక

రంగస్థలంపై పద్యమంటే సుదీర్ఘ రాగాలాపనే. అది పరిషత్తు ప్రేక్షకులకు ప్రాణం. ఘంటసాల రాగాన్ని తగ్గించి, మాటను విడమరచి, భావానికి పెద్దపీట వేశారు. అక్షరం రాని రైతు సైతం జాషువా పద్యాన్నీ, కరుణశ్రీ పుష్పవిలాపాన్నీ విని అర్థం చేసుకోగలిగాడు. జయభేరిలో శాస్త్రీయ గానం, దేవదాసులో విషాదం, జానపదం, లలితగీతం, భక్తిగీతం ఏదైనా ఆయన చూసింది ఒక్కటే. వినేవాడికి మాట చేరాలి. తండ్రి తరంగాల నుంచి అలవడిన గుణమిది.

1970లో కేంద్రం పద్మశ్రీతో సత్కరించింది. గురువు రుణాన్ని ఆయన మరువలేదు. సీతారామశాస్త్రి కుమారుడు పట్రాయని సంగీతరావు దీర్ఘకాలం ఆయన వద్ద సహాయకుడిగా పనిచేశారు. ఆరోగ్యం క్షీణిస్తున్న రోజుల్లో నూటికి పైగా శ్లోకాలతో భగవద్గీతను రికార్డు చేశారు. అది జనంలోకి వచ్చేనాటికి గాయకుడు లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో 51 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు.

తపాలాశాఖ 2003లో ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఆయన పేరు మీదే నడుస్తోంది. 2022లో జిల్లాల విభజనతో నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి రాగా, ఆయన పుట్టిన గుడివాడ ప్రాంతం కృష్ణాలోనే మిగిలింది. సరిహద్దులు మారినా తెల్లవారుజామున ఆలయాల మైకుల్లో మోగే గొంతు మారలేదు. పాటల పోటీలకు సిద్ధమవుతున్న ఈ ప్రాంత పిల్లలు ఆయన గమకాలతో పాటు ఆ జోలెనూ, ఉంగరాన్నీ గుర్తుంచుకోవాలి. విద్య కోసం ఆయన చెల్లించిన మూల్యం అదే.