పీటరు అబెలార్డు చరిత్రము

ఇరువురు వాదులాడుచుండగా విని, వారి భేద మెచ్చట నున్నదో చెప్పుట సులభమని తోచును గాని, అది మిక్కిలి కష్టము. వానలు లేనందున పంట పోయినదని యొకడనును. చెరువు పూడిక తీయనందున పోయినదని వేరొకడనును. గొంతెత్తి యెంత పోరాడినను ఆ రెండు మాటలును నిజమే కావచ్చును. పూడిక తీసియున్నను ఈ యేడు ఫలము లేకపోయెడిదని మొదటివాడనెనేని, అప్పుడు నిజమైన తగవు పుట్టినది. ఒకే వాక్యమునకు ఒకడు ఔననియు, ఒకడు కాదనియు చెప్పవలసివచ్చు చోటే వివాదస్థానము. నేటి తర్కపరీక్షలలో ఇద్దరి మాటల నిచ్చి, ఈ స్థానమును గుర్తింపుమని యడుగు ప్రశ్నలు గలవు. ఐరోపాలో ఈ విద్యకై పాటుపడి, దానివలననే కీర్తిని కష్టమును గూడ పొందిన పండితుని చరిత్ర మిది.

పీటరు అబెలార్డు 1079వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు బ్రిటనీ సీమలో, నాంతు నగరమునకు సమీపమున నున్న ల పాలే యను గ్రామమున జన్మించెను. తండ్రి బెరెంగారు యుద్ధవృత్తిలో నున్నవాడయ్యును విద్యయం దాసక్తి గలవాడు. పెద్దకుమారుడైన అబెలార్డు తనకు రావలసిన హక్కులను తమ్ములకు విడిచి, మంచి యుపాధ్యాయుడు గలడని విన్న ఊరికెల్ల పోయి తర్కము నభ్యసించెను. 1100 ప్రాంతమున పారిసు చేరి, ప్రధాన దేవాలయ పాఠశాలలో షాంపో విలియమను గురువు నాశ్రయించెను.

మనుష్యత్వ మొక వస్తువనియు, అది సోక్రటీసునందును ప్లేటోయందును ఒక్కటిగనే సంపూర్ణముగ నున్నదనియు, వారి భేదము పైగుణములచే మాత్రమే కలిగినదనియు విలియము బోధించుచుండెను. సోక్రటీసు మనుష్యుడే, ప్లేటోయు మనుష్యుడే; ఆ పేరిరువురికిని చెల్లును; ఇందు గురుశిష్యులకు తగవు లేదు. పలువురికి చెల్లునట్టిది వస్తువా, పదమా యనునదే తగవు. జంతుత్వ మొక్క వస్తువే యైనచో, అదియే మనుష్యునియందు వివేకము గలదియు, గాడిదయందు వివేకము లేనిదియు ఒకే కాలమున కావలసివచ్చునని శిష్యుడు వాదించెను. విలియము తుదకు తన మాట మార్చుకొని, వారియందలి మనుష్యత్వ మొక్కటే యనుట మాని, అందు భేదము లేదని మాత్రము చెప్పవలసినవాడయ్యెను. మన దేశమున నైయాయికులును బౌద్ధులును జాతిని గూర్చి చేసిన వాదము నిట్టిదే.

గురువును గెలిచిన సంతోషమును దాచుకొనుట అబెలార్డునకు చేతకాలేదు. మెలన్, కొర్బెయి పట్టణములందును, పిదప పారిసునందును పాఠశాలలు నడుపగా విద్యార్థులు గుంపులు గుంపులుగ వచ్చిరి, శత్రువులును పెరిగిరి. విదుషీమణియగు హెలోయిసుతో నాతని ప్రేమ, రహస్య వివాహము, ఆమె మేనమామ చేయించిన క్రూరమైన ప్రతీకారము ప్రసిద్ధములే; ఆ దుఃఖకథ నిచట విస్తరింప బనిలేదు. ఇరువురును మఠములలో జేరిరి.

1121లో స్వాసోను సభ త్రిత్వమును గూర్చి అబెలార్డు వ్రాసిన గ్రంథమును విచారించెను. తప్పు గల వాక్యమేదో చూపినచో సమాధానము చెప్పుటకాతడు సిద్ధముగ నుండెను. షార్త్రు బిషప్పు జెఫ్రీ యాతని మాట వినవలెనని చెప్పెను గాని, వాదమున నాతనిని గెలువలేమని యెదుటివా రొప్పుకొనలేదు. తన గ్రంథమును తన చేతులతోనే యగ్నిలో వేయవలసివచ్చెను.

ఆ తరువాత నాతడు కూర్చిన గ్రంథము ‘సిక్ ఎట్ నాన్’, అనగా ఔను, కాదు. ఇందు 158 ప్రశ్నలు గలవు. ఒక్కొక్క ప్రశ్నకు సంఘపితరుల వాక్యములను అటు కొన్ని, ఇటు కొన్ని చేర్చెను. తీర్పు మాత్ర మెందును చెప్పలేదు. పీఠికలో నొక మార్గము చూపెను. ఇరువురు పెద్దలు విరుద్ధముగ పలికినట్లు కనబడినప్పుడు, ఒకే పదమును వారు రెండర్థములలో వాడిరేమో చూడవలెను. వ్రాయసగాడు పొరపడెనేమో, గ్రంథ మాతనిదేనా, అగస్టీనువలె పిదప తన మాటను దిద్దుకొనెనేమో, ఇతరుల యభిప్రాయమును చెప్పుచున్నాడేమో యరయవలెను. ఇవి యన్నియు చూచిన పిమ్మట మిగులునదే నిజమైన విరోధము. అప్పుడే ప్రమాణముల బలాబలములు తూచవలెను. విశ్వాసమును మానవయుక్తిచే బలపరుపవలెనా, కూడదా యనునది అందలి మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నయే యాతనిని వెంటాడెను. క్లేర్వో మఠాధిపతియగు బెర్నార్డు మహాభక్తుడు, గొప్ప వక్త. అబెలార్డు బోధలలో దోషములని 19 వాక్యముల పట్టిక యొకటి సిద్ధమయ్యెను. బహిరంగవాదము జరుగవలెనని అబెలార్డే కోరగా 1141లో (పూర్వగ్రంథములలో 1140 అని యున్నది) సాన్సు నగరమున, రాజగు ఏడవ లూయీ సమక్షమున సభ కూడెను. కాని ముందటి సాయంకాలమే బిషప్పులు ప్రత్యేకముగ చేరి ఆ వాక్యములు దోషయుక్తములని నిశ్చయించిరి. మరునాడు పట్టిక చదువగా అబెలార్డు బదులు చెప్పక, పోపునకు విన్నవించుకొందునని సభను విడిచెను. వానిలో కొన్ని తన మాటలే కావనియు, కొన్ని తానా యర్థమున పలుకలేదనియు నాతడు తరువాత వ్రాసెను.

బెర్నార్డు భయము వట్టిది కాదు. మర్మవిషయములను వీధులలో బాలురు సైతము తర్కించుచుండగా సామాన్యుల విశ్వాస మేమగునని యాయన చింత. నా యభిప్రాయమున వారి నిజమైన భేద మిచ్చటనే యున్నది: అట్టి విషయములను విద్యార్థుల యెదుట ప్రశ్నగా పెట్టవచ్చునా, కూడదా? దీనికి ఒకరు ఔననియు, ఒకరు కాదనియు స్పష్టముగ చెప్పియుందురు. సభ యా ప్రశ్నను తాకనైన తాకక పట్టిక చదివెను. అబెలార్డును ఆ మాట యెత్తక వెడలిపోయెను.

పోపు రెండవ ఇన్నోసెంటు ఆతనికి మౌనము విధించెను. అరువదేండ్లు దాటిన యాతడు రోముకు బయలుదేరి దారిలో క్లూనీ మఠమున నిలిచెను. అచటి యధిపతి, పూజ్యుడను బిరుదు గల పీటరు, ఆతనిని ఆదరించి యుంచుకొనెను. ఎదుటి మతమును ఖండింపబూనువారు ముందుగ దాని గ్రంథమును తెలిసికొనవలెనని ఖురానును లాటినులోనికి తర్జుమా చేయించినవా డీయనయే. బెర్నార్డుతో అబెలార్డునకు సమాధానము కుదిరినది క్లూనీలో నున్న కాలముననే.

1142 ఏప్రిలు 21వ తేదీన, షాలోన్ నగరము చెంతనున్న సెయింటు మార్సెలు మఠమున అబెలార్డు మరణించెను. మఠాధిపతి పీటరు ఆతని శరీరమును, హెలోయిసు అధిపురాలుగ నున్న పారక్లీటు మఠమునకు చేర్పించి, ఆమె కోరిన పాపవిమోచన పత్రమును పంపెను. ఆమెయు కాలముచేసి యాతని చెంతనే సమాధి చేయబడెను. 1817లో వారి యవశేషములను పారిసులోని పేర్ లాషేజు శ్మశానవాటికకు మార్చిరి. ఆ సమాధిని నేటికిని చూడవచ్చును.