వేలితో చదివిన చీటీ: హజ్రత్ జైనుద్దీన్ ఆమిదీ (రహ్మతుల్లాహి అలైహి)

మన దుకాణాల గల్లాపెట్టె మీద, పెళ్లి కార్డుల మీద 786 అని వేసుకుంటాము. బిస్మిల్లాహ్ అక్షరాలను అబ్జద్ లెక్కన కూడితే వచ్చే మొత్తం అది. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, ఇలా అక్షరాన్నే అంకెగా వాడుకునే పాత పద్ధతి. దాదాపు 700 ఏళ్ల క్రితం బాగ్దాదులో చూపులేని ఒక ఆలిం గారు ఈ లెక్కతోనే తన వ్యాపారం నడుపుకున్నారంటే వింతగా ఉంటుంది గాని, నిజం.

ఆయనే హజ్రత్ జైనుద్దీన్ అలీ బిన్ అహ్మద్ ఆమిదీ. ఆమిద్ అంటే నేటి టర్కీలోని దియార్‌బకిర్. చిన్నతనంలోనే కళ్లు పోయినా చదువు ఆపలేదు. హంబలీ ఫిఖహ్‌లో పండితులైనారు, కలలకు అర్థం చెప్పుటలో పేరు పొందినారు. అరబ్బీయే గాక ఫారసీ, తుర్కీ, మంగోలు భాషలు కూడా వచ్చును. 1295లో ఇస్లాం స్వీకరించిన మంగోలు సుల్తాను గాజాన్ బాగ్దాదు వచ్చినప్పుడు, ఈయనను పరీక్షించుటకై ముందుగా తన సర్దార్లను ఒక్కొక్కరినే సలాముకు పంపాడట. ఎవరికీ మోసపోని షేక్ గారు సుల్తాను చేయి తాకగానే గుర్తుపట్టి దుఆ చేశారని చెబుతారు.

ఆయన జీవనాధారం పుస్తకాల వ్యాపారం. ఫలానా గ్రంథం కావాలంటే లేచి నేరుగా దాని దగ్గరికే వెళ్లి తీసుకొచ్చేవారు. ధర సంగతే చూడండి. పుస్తకం కొనగానే పలుచని కాగితాన్ని వత్తిలా పేని, ధరకు సరిపోయే అబ్జద్ అక్షరంగా వంచి, అట్ట లోపలి వైపు అంటించేవారు. ఊడిపోకుండా దానిపై మరో కాగితం అతికించేవారు. ధర మరిచిపోతే వేలితో తడిమితే చాలు. ఈ సంగతులు మనకు దక్కింది అంధ ప్రముఖుల చరిత్ర రాసిన సఫదీ గారి వల్ల. ఆమిదీ గారు హిజ్రీ 712 (క్రీ.శ. 1312) దాటాక ఇంతెఖాల్ చెందారు.

ఫ్రాన్సులో లూయీ బ్రెయిలీ తన చుక్కల లిపిని అచ్చు వేసింది 1829లో, అంటే 500 ఏళ్లకు పైగా గడిచిన తర్వాత. ఐరోపా సమాఖ్య 2004 నాటి చట్టంతో మందు డబ్బాపై మందు పేరు బ్రెయిలీలో ఉండాలన్నది. మంచిదే. కాని అదే ఏర్పాటు మన శంషాబాదు మెడికల్ షాపుకు వచ్చినా పని జరుగునా? డబ్బా షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చేది షీటులోంచి కత్తిరించిన నాలుగు గోలీలు. ఒక్కోసారి పేరు, గడువు తేదీ ఉన్న ముక్క కూడా అక్కడే మిగిలిపోతుంది. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 రకాల పేరున్న మందులకు క్యూఆర్ కోడు తప్పనిసరి చేశారు. అయితే అది నున్నగా అచ్చువేసిన గుర్తు. ఎక్కడుందో వేలికి తెలియదు, తెలిసినా ఫోను కావాలి. ఆమిదీ గారు గుర్తును బీరువాకు పెట్టలేదు, ప్రతి పుస్తకానికీ పెట్టారు. తేడా అక్కడే ఉంది.

మా వీధిలో కళ్లు కనబడని ఒక పెద్దాయన ఉన్నారు. షుగరు గోలీలకు ఒక రబ్బరు బ్యాండు, బీపీ గోలీలకు రెండు వేసుకునేవారు. ఎండలకు ఒక బ్యాండు తెగి, రెండు షీట్లూ ఒకేలా తోచి, షుగరు గోలీ రెండుసార్లు మింగారు. చెమటలు పట్టి పడిపోతే ఇంట్లోవాళ్లు చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి పరుగెత్తారు. అల్లాహ్ దయవల్ల గండం గడిచింది. ఇప్పుడు వారి మనవరాలు చిన్న డబ్బాల మూతలపై చింతగింజలు అంటించి పెడుతోంది. షుగరుకు ఒకటి, బీపీకి రెండు. గింజ ఊడకుండా పైన గుడ్డముక్క కూడా అతికించింది. ఆమిదీ గారి పేరు ఆ పిల్ల అప్పటికి వినలేదు.