సర్ చంద్రశేఖర వేంకట రామన్

అనకాపల్లి బెల్లమునకు పేరెన్నికగన్న యూరు. చెఱకురసమున తీపి యెంతయో తెలియుటకు నేడొక్క బొట్టు చాలును. చిన్న గొట్టమువంటి పరికరముయొక్క గాజుపలకపై రసపుబొట్టు నుంచి వెలుతురునకెత్తి చూచినచో, కాంతి యెంత వంగినదో లోని గీతలపై కానవచ్చును. ఈ వంపును నిర్ణయించు సంఖ్యయే వక్రీభవన గుణకము. నీటికిది సుమారు 1.33, చక్కెర కలిసినకొలది హెచ్చును. ఇట్లు కాంతి నడకనుబట్టి పదార్థముల గుట్టు తెలిసికొను విద్యకు జీవితమును ధారవోసిన రామన్ గారు బాల్యమును మన పొరుగుననే గడపిరి.

వారు 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి చెంత తిరువానైక్కావలులో జన్మించిరి. తండ్రి చంద్రశేఖరయ్యరు గారు 1892లో విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రముల నుపన్యసింప వచ్చిరి. బాలుడు సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను గట్టెక్కెను. పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పట్టములందెను. విద్యార్థిగా నున్నపుడే, 1906లో, కాంతినిగూర్చి వ్రాసిన వ్యాసమును లండను పత్రిక యొకటి ప్రకటించెను.

ఆ దినములలో శాస్త్రమును నమ్ముకొన్నవానికి మనదేశమున కూడు దొరకుట దుర్లభము. కావున రామన్ గారు ఆర్థికశాఖ పరీక్షలో ప్రథములై, 1907లో కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరల్ కొలువున చేరిరి. ఒకనాడు ట్రాములో పోవుచు, మహేంద్రలాల్ సర్కార్ గారు 1876లో నెలకొల్పిన విజ్ఞాన పరిషత్తు పలకను చూచిరి. అది మొదలు కచేరీకి ముందు కొంతసేపు, కచేరీ విడిచిన పిమ్మట రాత్రివఱకు, పదేండ్లు అదియే పని. దినమంతయు పద్దులు కూడి, తేడా వెదకి, అలసిన కన్నులతో మరల కాంతిరేఖలను చూచుట సామాన్యమా! లెక్కలపని యెఱిగినవారికే దాని కష్టము తెలియును. నడుమ రంగూనునకు, నాగపురమునకు బదిలీలైనను పరిశోధన మానలేదు.

అశుతోష్ ముఖర్జీ గారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపీఠము స్వీకరింప గోరిరి. జీతము దాదాపు సగమగును; స్థిరమైన దొరతనపు కొలువు పోవును. సంసారి యయ్యు రామన్ గారు వెనుదీయక, 1917లో ఆ పీఠము నలంకరించిరి.

1921లో ఓడపై వచ్చుచు మధ్యధరా సముద్రపు గాఢనీలమును చూచిరి. అది ఆకాశపు ప్రతిబింబమేయని రేలీ పండితుని మతము. రామన్ గారు నికోల్ పట్టకముతో ప్రతిబింబపు వెలుగును తొలగించి చూడగా, నీలము తగ్గుటకు మాఱు హెచ్చెను. నీటియణువుల నిరంతర సంచలనముచే చోటుచోటున సాంద్రత, దానితో వక్రీభవన గుణకము, రవ్వంత మాఱును; ఆ యసమానతలే కాంతిని చెదరగొట్టును. ఈ దారినే పోగా, 1928 ఫిబ్రవరి 28న, చెదరిన కాంతిలో మొదట లేని క్రొత్తరంగు గోచరించెను. దానిని చూచి పదార్థమును గుర్తింపవచ్చును. ఈ పనిలో కె. ఎస్. కృష్ణన్ గారి శ్రమ మిక్కిలి గలదు. వారిని మఱచుట తగదు. 1930లో రామన్ గారికి నోబెల్ బహుమానము లభించెను.

1933లో బెంగుళూరు చేరిరి. ముక్కుసూటి మాట, అభిమానము మెండగుటచే అచ్చట కలహములును గలిగినవి. 1937లో సంచాలక పదవి విడిచి ఆచార్యులుగా మిగిలిరి. ఆ కాలముననే నాగేంద్రనాథ్ గారితో గూడి మఱియొక వింతను వివరించిరి. ద్రవములో శబ్దతరంగములు పోవునపుడు వక్రీభవన గుణకము వరుసగా హెచ్చుచు తగ్గుచుండును. గీతలు గీసిన పలకవలె ఆ ద్రవము కాంతిని పాయలుగా చీల్చును.

వారి యనంతరము, 1974లో, ఇంగ్లండునందు గరుకు వెండిపై నంటిన అణువులనుండి రామన్ కాంతి మిక్కిలి బలముగా వచ్చుట కనుగొనబడెను. లోహపు ఎలక్ట్రానులు మూకుమ్మడిగా నూగుటయే ముఖ్యకారణము. ఆ యూగుటకు ప్లాస్మానని పేరు. మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. కొన్ని పదుల నానోమీటర్ల మందముగల బంగారు పొరలపై ఆ యలను నడపి, చెంతనున్న ద్రవముయొక్క వక్రీభవన గుణకము లేశము మాఱినను పసిగట్టు సాధనములు నేడు నిర్మించుచున్నారు.

1948లో తాము స్థాపించిన పరిశోధనాలయముననే రామన్ గారు కడవఱకు పనిచేసి, 1970 నవంబరు 21న దివంగతులైరి. ఆ తోటలోనే దహనము జరిగెను. ఆ చోట నేడొక వృక్షమున్నది.