పలుచని గాలిపై గెలుపు

ఇంజన్ కూడా ఒక విధంగా ఊపిరి పీల్చే యంత్రమే. కేవలం పెట్రోలుతో అది నడవదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి అవసరం. కొలిమిలో బొగ్గులు ఎన్ని పోసినా తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడదు. అదే విధంగా సిలిండర్‌లోకి చేరే గాలి తగ్గితే ఎంత పెద్ద ఇంజన్ అయినా తన శక్తిని కోల్పోతుంది. ఇంజన్ తనంతట తాను పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ గాలిని అదిమి దానిలోకి పంపే పరికరాన్ని సూపర్ ఛార్జర్ అంటారు. అటువంటి పరికరాన్ని, దానికోసం నిర్మించని ఒక ఇంజన్‌కు అమర్చి, లారీ మీద పర్వత శిఖరానికి చేర్చి, దాని ప్రయోజనాన్ని లోకానికి నిరూపించిన ఇంజనీరు డాక్టర్ శాన్‌ఫర్డ్ అలెగ్జాండర్ మాస్.

మాస్ 1872 ఆగస్టు 23వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. పదహారేళ్ళ ప్రాయంలోనే గాలిని సంపీడనం చేసే యంత్రాలను తయారుచేసే ఒక కార్ఖానాలో పని నేర్చుకొనే కుర్రవాడిగా చేరారు. గాలిని అదిమినకొద్దీ అది వేడెక్కుతుందని, అదిమిన గాలిలో గొప్ప శక్తి నిలువ ఉంటుందని పుస్తకాలలో చదవడానికి ముందే ఆయన పనిముట్ల మధ్య నిలబడి గ్రహించారు. అదిమిన గాలిలో ఇంధనాన్ని మండించి, ఆ మంట వేగంతో ఒక చక్రాన్ని తిప్పగలిగితే ఎలా ఉంటుందన్న ఆలోచన యౌవనంలోనే ఆయన మనస్సులో నాటుకొంది. ఆ ఆలోచనకు శాస్త్రీయమైన పునాది కావాలన్న కోరికతో ఉన్నత విద్యకు పూనుకున్నారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1896లో పట్టభద్రులై, 1900లో మాస్టర్స్ పట్టాను పొందారు. అనంతరం న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, గ్యాస్ టర్బైన్‌పై పరిశోధన సాగించి 1903లో డాక్టరేట్ అందుకున్నారు. అక్కడ ఆయన నిర్మించిన ప్రయోగాత్మక టర్బైన్ తిరిగింది. కానీ దానికి గాలిని అదిమి అందించడానికి ఖర్చయ్యే శక్తి, టర్బైన్ తిరిగి ఇచ్చే శక్తికంటే ఎక్కువగా ఉండేది. పది రూపాయలు పెట్టుబడి పెట్టి ఆరు రూపాయలు రాబట్టిన వ్యాపారం వంటిది ఆ ఫలితం. అయినప్పటికీ మంటతో చక్రం తిప్పవచ్చన్న సంగతి రుజువైంది.

ఆ ఏడాదే మాస్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణంలో ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరారు. అక్కడ కొన్నేళ్ళపాటు గ్యాస్ టర్బైన్‌ను మెరుగుపరచడానికి శ్రమించారు. ఇంధనం విపరీతంగా ఖర్చవుతున్నందువల్ల, ఆ వేడిని తట్టుకోగల లోహాలు ఆనాడు లేనందువల్ల సంస్థ 1907 ప్రాంతంలో ఆ ప్రయత్నాన్ని విరమించింది. ఎన్నో సంవత్సరాల కృషి వ్యర్థమైనట్లే కనిపించింది. కానీ ఆ ప్రయోగాలలో గాలిని అదిమే అపకేంద్ర యంత్రాల నిర్మాణంలో మాస్‌కు అపారమైన నైపుణ్యం అలవడింది. ఇనుము కరిగించే పెద్ద కొలుములకు గాలి అందించడానికి అటువంటి యంత్రాలను సంస్థ తయారుచేసి అమ్మసాగింది. పదేళ్ళపాటు మాస్ ఆ పనిలోనే నిమగ్నులై ఉన్నారు.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎత్తుగా ఎగిరే విమానానిదే పైచేయి అయింది. అయితే పైకి వెళ్ళినకొద్దీ గాలి పలుచబడుతుంది. సముద్ర మట్టంతో పోలిస్తే 14 వేల అడుగుల ఎత్తున గాలి పీడనం అయిదింట మూడు వంతులు మాత్రమే ఉంటుంది. అందువల్ల నేల మీద బలంగా పనిచేసే ఇంజన్ ఆకాశంలో రొప్పుతూ నీరసించిపోయేది. ఇంజన్ వదిలే వాయువులతోనే గాలిని అదిమే యంత్రాన్ని తిప్పవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే ప్రతిపాదించారు. యుద్ధకాలంలో ఫ్రాన్స్‌కు చెందిన అగస్ట్ రాటో ఆ మార్గంలో ప్రయోగాలు చేశారు. ఆ సమాచారం అమెరికాకు చేరినప్పుడు అక్కడి విమానశాస్త్ర జాతీయ సలహా సంఘానికి విలియం డురాండ్ అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన పూర్వం కార్నెల్‌లో ఆచార్యులు. ఒకనాటి విద్యార్థి మాస్ చేసిన టర్బైన్ పరిశోధన ఆయనకు గుర్తుంది. ఆయన చొరవతో ఈ బాధ్యత జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు, తద్వారా మాస్‌కు దక్కింది.

సూపర్ ఛార్జర్‌ను తిప్పడానికి రెండు మార్గాలున్నాయి. ఇంజన్ ఇరుసు నుంచే బెల్టు లేదా పళ్ళచక్రాల ద్వారా తిప్పడం మొదటిది. ఇందులో ఇంజన్ సంపాదించిన శక్తిలో కొంత భాగం ఖర్చవుతుంది. రెండవ మార్గంలో, ఇంజన్ బయటికి విడిచిపెట్టే వేడి వాయువులు ఒక టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజన్‌కు అందిస్తుంది. ఊరికే పోయే వేడిలోని శక్తి ఈ విధంగా పనికివస్తుంది. టర్బో సూపర్ ఛార్జర్ అని పిలిచిన ఈ పరికరమే నేటి టర్బో. కార్నెల్‌లో మాస్‌ను ఓడించిన లెక్క ఇక్కడ తారుమారైంది. ఆనాడు టర్బైన్ తానే శక్తిని ఉత్పత్తి చేయవలసి వచ్చింది. ఇప్పుడు అది మరొక యంత్రం వదిలివేసిన వేడిని వాడుకుంటే సరిపోతుంది.

ఆయన ఎంచుకున్న ఇంజన్ పేరు లిబర్టీ. పన్నెండు సిలిండర్లతో, సుమారు 27 లీటర్ల సామర్థ్యంతో అమెరికా సైనిక విమానాల కోసం తయారైన ఇంజన్ అది. టర్బోను దృష్టిలో ఉంచుకొని దానిని రూపొందించలేదు. అటువంటి ఇంజన్‌కు కొత్త పరికరాన్ని తగిలించడం మరలు బిగించినంత మాత్రాన పూర్తయ్యే పని కాదు. గాలి ఎక్కువైతే దానికి తగినంత పెట్రోలూ అందాలి. అదిమిన గాలి వేడెక్కుతుంది గనుక పెట్రోలు అదుపు తప్పి పేలి పిస్టన్లను దెబ్బతీసే ప్రమాదం ఉంటుంది. ఎర్రగా కాలే వాయువులు పారే గొట్టాలలో, అతుకులలో ఎక్కడా సందు ఉండకూడదు. నిమిషానికి దాదాపు ఇరవై వేల చుట్లు తిరిగే ఇరుసుకు నూనె అందుతూ ఉండాలి. ఒకచోట బలం పెంచితే ఆ భారం మరొకచోట పడుతుందన్న సంగతి మాస్‌కు బాగా తెలుసు.

1918లో ఒహైయో రాష్ట్రంలోని డేటన్ వద్ద తొలి పరీక్షలు జరిగాయి. కానీ పలుచని గాలిలో పనిచేయవలసిన పరికరాన్ని దట్టమైన గాలిలో పరీక్షించి ప్రయోజనమేమిటి? ఎగిరే విమానంలో కొలతలు తీసుకోవడం ఆనాడు దుస్సాధ్యం. అందుచేత కొలరాడో రాష్ట్రంలోని పైక్స్ పీక్ అనే పర్వతాన్ని ఎంచుకున్నారు. దాని ఎత్తు ఆనాటి లెక్క ప్రకారం 14,109 అడుగులు. అంతకు కొద్ది సంవత్సరాల ముందే శిఖరం వరకు మోటారు వాహనాలు వెళ్ళడానికి దారి ఏర్పడింది. 1916లో ఆ దారిపై కార్ల పందెం కూడా జరిగింది.

1918 సెప్టెంబరులో లిబర్టీ ఇంజన్‌ను, శక్తిని కొలిచే పరికరాలను ఒక లారీపై బిగించి, మలుపుల దారి గుండా శిఖరానికి చేర్చారు. అప్పటికి మాస్ వయస్సు నలభై ఆరేళ్ళు. అక్కడ మనుషులకే ఊపిరి ఆడదు. నీరు 100 డిగ్రీల వద్ద కాక సుమారు 86 డిగ్రీలకే మరుగుతుంది గనుక నీటితో చల్లబరిచే ఇంజన్‌ను కనిపెట్టుకొని ఉండవలసి వస్తుంది. చలిలో, మంచులో, విడిభాగాలు దొరకని చోట, మాస్ బృందం తలెత్తిన లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుతూ కొన్ని వారాలు శ్రమించింది.

చివరకు అంకెలే తీర్పు చెప్పాయి. సముద్ర మట్టానికి దగ్గరలో 350 అశ్వశక్తి ఇచ్చిన ఆ ఇంజన్, శిఖరం మీద టర్బో లేకుండా 230 అశ్వశక్తి మాత్రమే ఇవ్వగలిగింది. టర్బోను కలిపిన తరువాత అదే ఇంజన్, అదే శిఖరంపై 356 అశ్వశక్తిని ఇచ్చింది. కొండ ఎక్కడం వల్ల పోయిన బలమంతా తిరిగి వచ్చింది. అయితే ఆ నవంబరులోనే యుద్ధం ముగియడంతో ఈ పరికరం ఆ యుద్ధంలో ఉపయోగపడలేదు. ఫలితం ఆశాజనకంగా ఉన్నందువల్ల సైన్యం ప్రయోగాలను కొనసాగించింది.

1920 ఫిబ్రవరి 27న మేజర్ రుడాల్ఫ్ ష్రోడర్ మాస్ టర్బో అమర్చిన విమానంలో 33 వేల అడుగులకు పైగా ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అంత ఎత్తులోనూ ఇంజన్ చక్కగా పనిచేసింది. కానీ విమానాన్ని నడుపుతున్న మనిషికి ప్రాణవాయువు అందలేదు. కళ్ళద్దాలు పైకెత్తగానే తీవ్రమైన చలికి కళ్ళలోని తడి గడ్డకట్టింది. ఆయన స్పృహ తప్పగా విమానం మైళ్ళ తరబడి కిందికి జారిపోయింది. నేల సమీపిస్తుండగా తెలివి వచ్చి, సరిగా కానరాని కళ్ళతోనే ఆయన విమానాన్ని క్షేమంగా దించగలిగారు. ఇంజన్‌కు ఊపిరి పోస్తే చాలదని, మనిషి ఊపిరి గురించి కూడా ఆలోచించాలని ఈ సంఘటన హెచ్చరించింది. కాలక్రమంలో లోపలి గాలి పీడనాన్ని నిలబెట్టే విమాన గదుల నిర్మాణం ఆ అవసరం నుంచే అభివృద్ధి చెందింది.

ఆ తరువాతి రెండు దశాబ్దాలు ప్రధానంగా లోహంతో సాగిన పోరాటం. టర్బైన్ రెక్కలు ఎర్రగా కాలి, సాగి, విరిగిపోయేవి. చక్రాన్ని విమానపు బయటి గాలి తగిలేలా అమర్చి చల్లబరిచే పద్ధతిని మాస్ అనుసరించారు. అదిమిన గాలిని ఇంజన్‌లోకి పంపడానికి ముందు చల్లార్చే ఇంటర్‌కూలర్లు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, కృత్రిమ దంతాల పనిలో వాడే ఒక మిశ్రమ లోహం ఈ రెక్కలకు అనుకూలిస్తుందని తేలడం విశేషం.

1938లో ఉద్యోగ విరమణ చేసినా, తమ అనుభవం అవసరమైనప్పుడు మాస్ తిరిగి విధుల్లో చేరారు. 1940వ సంవత్సరానికి అమెరికా వైమానిక రంగంలో అత్యున్నతమైన కాలియర్ ట్రోఫీని ఆయనకు, సైనిక వైమానిక దళానికి కలిపి ప్రదానం చేశారు. బి-17, బి-24, బి-29 బాంబర్లు, పి-38, పి-47 యుద్ధ విమానాలు టర్బోల బలంతోనే అంత ఎత్తున ఎగిరాయి. హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు వేసినవి కూడా బి-29 విమానాలే. ఊపిరి అందించే యంత్రం కొన్ని లక్షల మంది ఊపిరి తీసే పనికి తోడ్పడడం ఆ కాలపు విషాదం.

1941లో బ్రిటన్‌కు చెందిన ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజన్‌ను అమెరికాలో నిర్మించే బాధ్యతను ప్రభుత్వం లిన్‌లోని జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారానికే అప్పగించింది. ఎర్రగా కాలే వాయువుల మధ్య అతివేగంగా తిరిగే చక్రాల గురించి అక్కడివారికున్న అనుభవమే అందుకు కారణం. 1942 అక్టోబరులో అమెరికా తొలి జెట్ విమానం ఎగిరింది. నాలుగు దశాబ్దాల కిందట మాస్ కలగని, నష్టమని వదిలివేసిన గ్యాస్ టర్బైన్ ఆ విధంగా ఆకాశానికి చేరింది. ఆ విజయాన్ని కళ్ళారా చూసిన మాస్ 1946 నవంబరు 10న కన్నుమూశారు.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వెయిర్ అనే కార్లు టర్బోలతో మార్కెట్లోకి వచ్చాయి. పెట్రోలు అదుపు తప్పి పేలకుండా ఉండడానికి జెట్‌ఫైర్‌లో నీరు, ఆల్కహాలు కలిసిన ద్రవాన్ని ఎప్పటికప్పుడు నింపవలసి వచ్చేది. చాలామంది యజమానులు ఆ సంగతి మరిచిపోవడంతో ఇబ్బందులు తలెత్తి, అనేక కార్ల నుంచి టర్బోలను తొలగించారు. నేడు మన రోడ్లపై తిరిగే డీజిల్ లారీలు, బస్సులు, అనేక కార్లు టర్బోతోనే నడుస్తున్నాయి. అభిరుచి గల కొందరు తమ కారుకు విడిగా సూపర్ ఛార్జర్ కొని సొంతంగా అమర్చుకుంటారు. ఇంధనం, వేడి, నూనె, అతుకుల బిగింపు మొదలైన వాటిలో పైక్స్ శిఖరంపై మాస్ ఎదుర్కొన్న సమస్యలనే వారూ ఎదుర్కోవలసి ఉంటుంది. పరికరం కొనడం తేలిక. దాని భారాన్ని మోయడానికి ఇంజన్ మొత్తాన్ని సిద్ధం చేయడమే అసలైన పని.

మాస్ జీవితంలో 1907 ఒక ఓటమి సంవత్సరం. కానీ ఆ ఓటమిలో నేర్చుకున్న పనితనాన్ని ఆయన వదులుకోలేదు. అవకాశం వచ్చినప్పుడు తన యంత్రం సులభంగా నెగ్గే చోటు కోసం వెతకలేదు. అది ఓడిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న చోటికే దానిని మోసుకొని వెళ్ళి, కొలిచి, సరిదిద్ది, మళ్ళీ కొలిచారు. ఇంజనీరింగ్ చదవగోరే విద్యార్థులకు ఆయన జీవితం అందించే పాఠం ఇదే.

ప్రశ్నలు

1. గ్యాస్ టర్బైన్‌పై మాస్ చేసిన తొలి ప్రయోగాలు ఎందుకు ఫలించలేదు? అవి తరువాత ఆయనకు ఏ విధంగా ఉపకరించాయి?
2. సూపర్ ఛార్జర్‌ను తిప్పే రెండు పద్ధతుల మధ్య గల భేదాన్ని వివరించండి.
3. పైక్స్ పీక్ పర్వతాన్ని పరీక్షకు ఎందుకు ఎంచుకున్నారు? అక్కడ లభించిన ఫలితాలను తెలపండి.
4. మేజర్ ష్రోడర్ అనుభవం శాస్త్రజ్ఞులకు ఏ సత్యాన్ని బోధించింది?