కొబ్బరి పిండం సముద్రం దాటిన కథ వెనుక పంచానన్ మహేశ్వరి

అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) దగ్గర సిప్పీఘాట్ అనే చోటు ఉంది. పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన కొబ్బరి రకాలను 1980లలో అక్కడే నాటారు. కాసర్‌గోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ఏర్పాటు చేసిన ప్రపంచ కొబ్బరి బీజ సంపద కేంద్రం అది. చుట్టూ సముద్రం ఉండటం, ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండటం అందుకు అనుకూలించాయి. విదేశీ మొక్కతో పాటు ఏదైనా తెగులు వచ్చినా అది కోనసీమ, ఉద్దానం, కేరళ తోటల దాకా చేరకుండా అక్కడే ఆగుతుంది.

అయితే మంచి రకమని తేలాక దాన్ని ఇటు తీసుకురావాలి కదా. కొబ్బరికి కొమ్మ అంటు కుదరదు. కాయనే తేవాలి. కాయ బరువు, పీచులో పురుగు దాగి ఉండొచ్చు, దారిలోనే మొలకెత్తొచ్చు. దీనికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం కాయను అక్కడే వదిలేసి, లోపలి పిండాన్ని మాత్రమే తేవడం. కాయ పగలగొట్టి, మెత్తటి కన్ను కింద గోరంత పిండాన్ని చుట్టూ ఉన్న కొబ్బరితో సహా తొలిచి తీసి, క్రిములు లేకుండా శుద్ధి చేసి చిన్న సీసాల్లో పెడతారు. 1990లలో అలా సిప్పీఘాట్ రకాల పిండాలు కాసర్‌గోడ్ ప్రయోగశాలకు వచ్చాయి. అక్కడ మొదట చీకట్లో, తర్వాత ట్యూబ్‌లైట్ల కింద పెరిగి, మొక్కలై, కర్ణాటకలోని కిడు క్షేత్రంలో పాతుకున్నాయి.

పిండాన్ని గింజ నుంచి విడదీసి గాజు సీసాలో బతికించడం సాధ్యమని 1904లోనే హానిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ముల్లంగి కుటుంబపు మొక్కలతో చూపించారు. ఆ విద్యను మన దేశంలో ఒక విశ్వవిద్యాలయ శాఖ మొత్తానికి అలవాటు చేసిన వ్యక్తి కూడా అదే ఏడాది పుట్టారు. ఆయనే పంచానన్ మహేశ్వరి.

గురువు పెట్టిన షరతు

మహేశ్వరి 1904 నవంబర్ 9న జైపూర్‌లో జన్మించారు. చదువు అలహాబాద్‌లోని ఈవింగ్ క్రిస్టియన్ కాలేజీలో సాగింది. అక్కడ విన్‌ఫీల్డ్ డడ్జన్ అనే అమెరికన్ మిషనరీ వృక్షశాస్త్రం చెప్పేవారు. ఈ కుర్రాడి చేతికి మైక్రోస్కోపు, కత్తి ఇచ్చి, పువ్వు లోపల ఏం జరుగుతుందో చూడటం నేర్పింది ఆయనే. మీ రుణం ఎలా తీర్చుకోవాలని శిష్యుడు అడిగితే, నేను నీకు చేసింది నువ్వు నీ విద్యార్థులకు చెయ్యమని గురువు అన్నారని చెబుతారు. మహేశ్వరి తర్వాతి జీవితం చూస్తే ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలుస్తుంది.

1930లో ఆగ్రా కాలేజీలో ఉద్యోగం మొదలైంది. పరిశోధనకు వసతులు అంతంతమాత్రం. పువ్వులోని అండాశయాన్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, రంగు పట్టించి స్లైడు చెయ్యడం రోజుల తరబడి పట్టే పని. భార్య శాంతి ఆ పని నేర్చుకుని ఇంట్లోనే ఆయనకు స్లైడ్లు చేసిపెట్టారు. అలహాబాద్, లక్నోల తర్వాత 1939లో ఢాకా విశ్వవిద్యాలయానికి వెళ్లి పదేళ్లు పనిచేశారు. దేశ విభజన తర్వాత, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖ బాధ్యత తీసుకున్నారు.

మరుసటి ఏడాదే పూల మొక్కల పిండోత్పత్తి శాస్త్రంపై ఆయన రాసిన పుస్తకాన్ని న్యూయార్క్‌లో మెక్‌గ్రా-హిల్ సంస్థ ప్రచురించింది. ఈ విషయంపై ప్రపంచమంతా చదువుకున్న పుస్తకమది. 1951లో అంతర్జాతీయ సంఘాన్ని స్థాపించి, ఫైటోమార్ఫాలజీ అనే పత్రికను ఢిల్లీ నుంచే నడిపారు. భారతీయుడి పరిశోధనకు విలువ రావాలంటే విదేశీ పత్రికలో అచ్చు కావాలనుకునే రోజుల్లో, విదేశీయులు ఢిల్లీ పత్రికకు వ్యాసాలు పంపేలా చేశారు.

పేరొచ్చాక మారిన పద్ధతి

ఆయన జీవితంలో అసలు మలుపు ఇక్కడుంది. అప్పటికి ఆయన కీర్తి అంతా స్లైడ్ల మీద నిలిచింది. స్లైడు మీద కణజాలం చచ్చిపోయి ఉంటుంది. పిండం ఏ దశలో ఎలా ఉందో అది చూపిస్తుంది గానీ, ఎందుకలా పెరిగిందో చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే పిండాన్ని బతికుండగానే బయటికి తీసి, దానికి ఏం పెడితే ఏమవుతుందో చూడాలి. దాదాపు యాభయ్యో పడిలో, తన రంగంలో ప్రామాణిక గ్రంథం రాసేసిన మనిషి, తన శాఖను ఆ కొత్త దారి పట్టించారు.

దానికి కావలసిన సరంజామా చెప్పుకోవడానికి చిన్నదే. ఖనిజ లవణాలు, పంచదార, విటమిన్లు కలిపి, అగర్‌తో గట్టిపరిచిన పోషక మాధ్యమం. ఆటోక్లేవ్. క్రిములు చేరని గది. పగటిని నిర్ణయించే ట్యూబ్‌లైట్లు. ఇలాంటి గదుల్లో మామూలుగా పదహారు గంటల వెలుతురు, ఎనిమిది గంటల చీకటి, పాతిక డిగ్రీల వేడి ఉంటాయి. సీసాలోని మొక్క ఎక్కువగా మాధ్యమంలోని పంచదార మీదే బతుకుతుంది. దీపం దానికి తిండి కంటే ఎక్కువగా సంకేతం. ఆకు విప్పాలో, వేరు దించాలో, పచ్చబడాలో చెప్పేది ఆ వెలుగే. సీసా నుంచి తీసి నేరుగా ఎండలో పెడితే మొక్క వాడిపోతుంది. నీడలో, తేమలో కొన్ని వారాలు అలవాటు చేయాలి.

ఆ మాధ్యమంలో మనకు బాగా తెలిసిన పదార్థం ఒకటి చేరింది. కొబ్బరి నీళ్లు. ఎదిగే పిండానికి తల్లి మొక్క సమకూర్చే తిండి అది. మొదట కణ గోడలు లేకుండా కేంద్రకాలు తేలుతుండే ద్రవంగా ఉండి, తర్వాత పెంకు వెంట కణాలు కట్టుకుంటూ కొబ్బరిగా గట్టిపడుతుంది. పిండోత్పత్తి శాస్త్రం చదివినవాడికి అందులో పెరుగుదలను రేపే పదార్థాలు ఉంటాయనిపించడం సహజమే. 1941లో అమెరికాలో ఉమ్మెత్త పిండాలకు కొబ్బరి నీళ్లు పోసి పెంచాక, టిష్యూ కల్చర్ ప్రయోగశాలలన్నిటిలోకీ అవి ప్రవేశించాయి.

గసగసాల నుంచి ఉమ్మెత్త దాకా

ఢిల్లీలో ఫలితాలు త్వరగానే వచ్చాయి. నిమ్మ జాతి గింజలో ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఎలా పుడతాయో మహేశ్వరి, ఆయన శిష్యుడు రంగస్వామి సీసాల్లో పరిశీలించారు. 1961లో మొక్కల కణజాల వర్ధనంపై ఢిల్లీలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. 1962లో కుసుమ్ కాంత, రంగస్వామి, మహేశ్వరి గసగసాల మొక్క అండాలను బయటికి తీసి, వాటిపై పుప్పొడి చల్లి, పరీక్షనాళికలోనే ఫలదీకరణ జరిపి గింజలు కట్టించారు. నేచర్ పత్రిక దాన్ని అచ్చువేసింది.

రెండేళ్లకు అదే శాఖ నుంచి మరో వార్త వచ్చింది. శిప్రా గుహ, మహేశ్వరి కుమారుడు సతీశ్ చంద్ర మహేశ్వరి కలిసి ఉమ్మెత్త పరాగకోశాలను మాధ్యమంలో పెట్టారు. వాళ్లు చూడాలనుకున్నది కణ విభజనను. కనిపించినవి మాత్రం పిండాలు. అవి పుప్పొడి నుంచే పుట్టాయని తర్వాత తేలింది. పుప్పొడిలో క్రోమోజోములు సగమే ఉంటాయి. ఆ మొక్కల్లో క్రోమోజోములను రెట్టింపు చేస్తే తరతరాలకూ గుణం మారని శుద్ధ వంగడం ఒక్కసారిగా చేతికొస్తుంది. మామూలు పద్ధతిలో దానికి ఏడెనిమిది తరాలు పడుతుంది.

ఇక్కడే మనం ఆలోచించాల్సింది ఉంది. కనుగొన్నది ఢిల్లీలో. 1967లో ఫ్రాన్స్‌లో పొగాకుతో, 1968లో జపాన్‌లో వరితో దాన్ని పంటలకు మళ్లించారు. చైనా ఆ పద్ధతితో వరి, గోధుమ వంగడాలను పొలాలకు చేర్చింది. మన దగ్గర విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్రానికీ, వ్యవసాయ పరిశోధన కేంద్రానికీ మధ్య వంతెన బలహీనంగా ఉండటం ఈ వెనుకబాటుకు ఒక కారణం కావచ్చు. తొలి ఆవిష్కరణ చేసిన చోటే దాని పంట పండుతుందన్న భరోసా ఏమీ లేదు.

మహేశ్వరి ఆ ఫలితాలు చూడలేదు. 1965లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన ఆయన, 1966 మే 18న అరవై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు. చివరి ఏళ్లలో ఆయన సమయం తీసుకున్న పనుల్లో ఒకటి హైస్కూలు పిల్లల జీవశాస్త్ర పాఠ్యపుస్తకం. ఎన్‌సీఈఆర్‌టీ కోసం ఆ బృందానికి నేతృత్వం వహించారు. ప్రపంచ స్థాయి పేరున్న ప్రొఫెసర్ బడి పుస్తకానికి అంత సమయం ఇవ్వడం అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే.

నేడు అనంతపురం, కడప రైతులు నాటే జీ-9 అరటి పిలకలు ఇలాంటి దీపాల గదుల నుంచే వస్తాయి. కొబ్బరి మాత్రం ఇంకా లొంగలేదు. లోకంలోని మొక్కలన్నిటికీ తన నీళ్లు ఇచ్చిన చెట్టును కణజాలం నుంచి లక్షల సంఖ్యలో పెంచడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. కొబ్బరిలో నమ్మకంగా చేయగలిగేది పిండాన్ని తీసి పెంచడం. ఒక్క పిండం నుంచి ఒక్క మొక్కే వస్తుంది. అండమాన్ రకాలను మనకు చేర్చడానికి అది సరిపోయింది. తోటల నిండా మేలైన మొక్కలు కావాలంటే అది చాలదు. పిండం ఎందుకలా పెరుగుతుందన్న మహేశ్వరి ప్రశ్న కొబ్బరి విషయంలో ఇంకా తెరిచే ఉంది. దాని జవాబు కోసం వృక్షశాస్త్ర శాఖలూ వ్యవసాయ కేంద్రాలూ ఈసారైనా కలిసి కూర్చోవాలి.