వెనక కూర్చున్న మనిషి - ఫ్రెడ్ బిలో

పాట విన్నవాళ్ళకు పాడినవాడి పేరు గుర్తుంటుంది. రాసినవాడి పేరు కొందరికైనా గుర్తుంటుంది. వెనకాల డ్రమ్స్ ముందు కూర్చున్నవాడి పేరు మాత్రం అతని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ పట్టదు. అలాంటి ఒక మనిషి జీవితం గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయాలనిపించింది. ఎందుకనిపించిందో ముందు చెప్పుకుంటాను.

పోయిన వేసవిలో వెంకటాచలం దగ్గర ఒక పెళ్ళిలో, పాటకచేరికి డ్రమ్స్ వాయించే ఆయన రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. వినాయక చవితి పందిళ్ళలో, హాస్టల్ డే నాడు వాయించి ఉన్నాను గనక నాకంతా వచ్చని నా ధీమా. మూడో పాటకే దింపేశారు. చేతికి తోచిన దరువులన్నీ వేస్తూ పోయానేగానీ, పాడే ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో ఒక్కసారి కూడా వినలేదు. పందిట్లో మా నాయన ఉన్నాడు. ఆ రాత్రి ఏమీ అనలేదు. మరునాడు కాలవ గట్టు మీద మాత్రం, ఆ పుల్లలు పక్కన పెట్టి డిగ్రీ సంగతి చూసుకోమన్నాడు. మాది కనుపూరు కాలవ కింద వరి పండించే కుటుంబం. నీళ్ళొస్తే పంట, రాకపోతే అప్పు. ఆయన మాటలో తప్పేముంది? డ్రమ్స్ కొట్టి బతికినవాళ్ళు అసలున్నారా అని వెతుకుతుంటే నాకు ఫ్రెడ్ బిలో దొరికాడు.

బిలో 1926 సెప్టెంబరు 6న అమెరికాలోని చికాగో నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. ఆ రోజుల్లో మిసిసిపీ రాష్ట్రంలో నల్లవాళ్ళు పత్తి చేలల్లో కోరుకు సేద్యం చేసేవారు. పంటలో భాగం భూస్వామికి, మిగిలింది అప్పుకి పోయేది. ఆ బతుకులోంచి పుట్టిన పాటలే బ్లూస్. చేలు విడిచి ఫ్యాక్టరీ పనులకోసం వేలకొద్దీ కుటుంబాలు చికాగో చేరినప్పుడు ఆ పాటలు కూడా రైలెక్కి వచ్చాయి. తర్వాతి కాలంలో బ్లూస్‌కి పెద్ద పేరైన మడ్డీ వాటర్స్ 1943లో అట్లా పొలం వదిలి వచ్చినవాడే.

బిలో మాత్రం పట్నం కుర్రవాడు. చదివింది డూసేబుల్ హైస్కూల్లో. వాల్టర్ డయట్ అనే మేష్టారు అక్కడ ఎందరో జాజ్ వాద్యకారులను తయారుచేశాడు. బిలోకి కూడా జాజ్ అంటేనే ప్రాణం. తర్వాత సైన్యంలోకి తీసుకుంటే అక్కడి బ్యాండులో వాయించాడు. శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌తో పరిచయమైంది కూడా అక్కడే. సైన్యం వదిలాక కొంతకాలం జర్మనీలో నైట్‌క్లబ్బుల్లో వాయించి, 1951లో సొంత ఊరికి తిరిగొచ్చాడు.

వచ్చి చూస్తే జాజ్ వాయించేవాళ్ళకు పని లేదు. పని ఉన్నదల్లా బ్లూస్ పాడే చిన్న చిన్న సారాయి దుకాణాల్లోనే. మడ్డీ వాటర్స్ దగ్గర డ్రమ్స్ వాయించే ఎల్గా ఎడ్మండ్స్ ఇతన్ని కొందరు కుర్రాళ్ళతో కలిపాడు. గిటార్ల మీద లూయిస్, డేవ్ మైయర్స్ అనే అన్నదమ్ములు, మౌత్ ఆర్గాన్ మీద జూనియర్ వెల్స్. ఆ జట్టు పేరు ఏసెస్.

మొదట్లో బిలో వాళ్ళతో కలవలేకపోయాడు. సైనిక బ్యాండులో వాయించి వచ్చిన మనిషికి ఈ పాట అంతుపట్టలేదు. వదిలేసి పోదామనుకునే దాకా వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు పెళ్ళిపందిరి గుర్తొచ్చి, పుస్తకం మూసి కాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఎందుకు అంతుపట్టలేదో కొంచెం వివరిస్తాను. నాలుగేసి దెబ్బల ఆవర్తాలు పన్నెండు కలిస్తే బ్లూస్‌లో ఒక చుట్టు. ఇది కాగితం మీద లెక్క. పొలంలో ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడి పెరిగినవాళ్ళు ఆ లెక్కకు కట్టుబడరు. మనసొస్తే ఒక ఆవర్తం సాగదీస్తారు, లేకుంటే ముందే తిప్పేస్తారు. డ్రమ్స్ వాయించేవాడు లెక్కను నమ్ముకుంటే పాట ఒకచోట, దరువు ఒకచోట. పాడేవాడి గొంతుని నమ్ముకోవాల్సిందే.

బిలో వెళ్ళిపోలేదు, విని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక తన జాజ్ విద్యను దాంట్లో కలిపాడు. ఒక్కో దెబ్బను మూడు ముక్కలు చేసి నడిమి ముక్క వదిలేస్తే వచ్చే ఊగు నడకను షఫుల్ అంటారు. మన తిశ్ర గతి తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అందుతుంది. ఆ నడకలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ స్నేర్ డ్రమ్ మీద గట్టిగా పడతాయి. దీనికి బ్యాక్‌బీట్ అని పేరు. చికాగో బ్లూస్‌కి ఈ దరువు స్థిరపడటంలో బిలోది పెద్ద చెయ్యి.

1952లో మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు లిటిల్ వాల్టర్ పాట ఒకటి దేశమంతా మోగింది. అతను మడ్డీ వాటర్స్‌ని వదిలి సొంత జట్టు పెట్టాలనుకున్నాడు. ఖాళీ అయిన ఆ చోటికి జూనియర్ వెల్స్ వెళ్ళాడు, ఏసెస్ జట్టును వాల్టర్ తీసుకున్నాడు. ఊరూరా తిరిగారు, చెస్ అనే రికార్డుల కంపెనీకి పాటలిచ్చారు. 1955లో వచ్చిన ‘మై బేబ్’ వాళ్ళ విభాగంలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఏడాదే బిలో ఊళ్ళు తిరగడం మానేసి చికాగోలోనే ఉండిపోయి, స్టూడియో పనికి కుదురుకున్నాడు. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, ఓటిస్ రష్, చక్ బెర్రీ - పాడేవాళ్ళు మారేవారు, వెనక డ్రమ్స్ మీద బిలో ఉండేవాడు.

స్టూడియో పనంటే మన దగ్గర నాట్ల కూలి లాంటిది. ఆ పూటకి వాయించావు, ఆ పూట డబ్బులు తీసుకున్నావు. రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా వెనక వాయించినవాడికి అందులో వాటా లేదు. రికార్డు మధ్య అతికించిన కాగితం మీద పాడినవాడి పేరు, పాట కట్టినవాడి పేరు ఉండేవి. డ్రమ్స్ ఎవరో చెప్పే ఆనవాయితీ లేదు.

1960లలో నల్లజాతి కుర్రకారు సోల్ సంగీతం వైపు మళ్ళడంతో చికాగోలో బ్లూస్‌కి గిరాకీ తగ్గింది. ఆ సమయంలో ఐరోపా ఆదరించింది. 1965లో బ్లూస్ కళాకారుల బృందంతో బిలో అక్కడ పర్యటించాడు. 1970లలో మైయర్స్ సోదరులతో కలిసి ఏసెస్‌ని మళ్ళీ నిలబెట్టి చాలా దేశాలు తిరిగాడు. 1988 ఆగస్టులో చికాగోలోనే కన్నుమూశాడు.

సైన్సు విద్యార్థిగా నన్ను బాగా కదిలించిన సంగతి చివరికి దాచుకున్నాను. 1958 జనవరిలో చక్ బెర్రీ ‘జానీ బి. గుడ్’ రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ వాయించింది బిలోనే. 1977 సెప్టెంబరు 5న, అంటే అతనికి యాభై ఒకటి నిండటానికి ఒక్క రోజు ముందు, వాయేజర్-1 నింగికెగిరింది. దానికి బిగించిన బంగారు పూత రాగి పళ్ళెంలో భూమ్మీది సంగీతం నుంచి 27 తునకలున్నాయి. మన కేసర్‌బాయి కేర్కర్ గానం ఒకటి, ‘జానీ బి. గుడ్’ ఒకటి. 2012లో ఆ నౌక సూర్యుడి గాలి ప్రభావం దాటి నక్షత్రాల నడిమికి చేరింది. ఇప్పుడది 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మా మిద్దె మీద నిలబడి శ్రీహరికోట రాకెట్ చూసినప్పుడల్లా, పేరు రాయని ఆ దరువు అంత దూరం పోయిందా అనిపిస్తుంది.

ఈ బతుకు చదివి డిగ్రీ మానేస్తానని మా నాయన భయపడనక్కర్లేదు. కూలికి వాటా లేదన్న సంగతి కూడా నేను ఇందులోనే నేర్చుకున్నాను. పుల్లలు మాత్రం మళ్ళీ తీశాను. మొన్న శ్రీరామనవమికి మా ఊరి గుళ్ళో భజన వెనక కూర్చున్నాను. పాడే తాత వయసు మీద పడి ఒకచోట సాగదీస్తాడు, ఒకచోట మింగేస్తాడు. ఆయన గొంతే వింటూ, ఆయన ఎట్లా పోతే అట్లా పోయాను. ఎవరూ దింపెయ్యలేదు. నాయన హారతి దాకా కూర్చున్నాడు.

మిత్రులారా, వచ్చే వార్షికోత్సవం నాడు పాట అయిపోయాక చప్పట్లు కొట్టండి. కొట్టాక వెనక డ్రమ్స్ వాయించినవాడి పేరు కూడా ఒకసారి అడగండి.